పక్కవాడి దూడ

బోర్ పట్టణం దిగువన, నది ఒడ్డు పశువుల మంద నుంచి
మార్చి 12, 2006

నా చెల్లెలు అయేన్ కడుపున పుట్టిన లువాల్‌కు, నీ మేనమామ జెకర్యా అచియేక్ దీవించి రాయునది.

మేము క్షేమం. పశువులు క్షేమం. ఎండలు ముదిరినా నది ఒడ్డున గడ్డికి కొరత లేదు. మగవాడివైనావని నీ నుదుట గాట్లు పడిననాడు నీ చేతికిచ్చిన నలుపు తెలుపుల ఎద్దు మజోక్ బాగా మేస్తున్నది. దాని కొమ్ములు ఇప్పుడు ప్రార్థనలో చేతులెత్తిన మనిషిని తలపిస్తున్నాయి. ఊరంతా నిన్ను దాని పేరుతోనే తలచుకుంటున్నది. సాయంత్రం పిడకల పొగ లేచే వేళ అది దక్షిణం వైపు తిరిగి నిలబడుతుంది. నీవు పోయిన దారిని చూస్తున్నదని మీ అమ్మ అంటుంది. ఈగల బాధకని నేను అంటాను. ఇద్దరం ఎవరి మాట మీద వారు నిలబడతాము.

కంపాలా నుంచి తిరిగి వచ్చిన పాస్టరుగారు నీ ఆట చూశారట. ఎత్తున బిగించిన ఇనుప కడియంలో బంతి వేయడంలో నీకు సాటి వచ్చేవాడు లేడని ఆరాధన ముగిశాక అందరి ఎదుట చెప్పారు. ఇంకొక మాట కూడా చెప్పారు. నీ బడి చదువు, నీవు పడుకునే మంచం రెండూ నీవు ఆడే జట్టు మీదనే ఆధారపడి ఉన్నాయని, సెప్టెంబరు చివర కోచ్ ముగెర్వా గారు ఎవరిని ఉంచుకుంటే వారికే అవి నిలుస్తాయని. అది విన్నప్పటి నుంచి నాకు నిద్ర సరిగా లేదు.

ఆ ఆట నాకు తెలియదు. నాకు తెలిసినది కుస్తీ. కుస్తీలో నీ నడుము పట్టినవాడిని నీవే పడగొట్టాలి. మరొకరి చేయి అందులోకి వచ్చిందా, గెలిచినా అది గెలుపు కాదు. నీ కాళ్ల మీద నీవు నిలబడు. ఎవరి చేయీ అడగకు.

ఇట్లు,
నీ క్షేమం కోరే మామయ్య

*

కంపాలా
ఏప్రిల్ 20, 2006

మామయ్యకు, లువాల్ తలవంచి రాసేది.

మీ ఉత్తరం దిండు కింద పెట్టుకున్నాను. ఇక్కడ రోజూ వాన. రోజూ మొక్కజొన్న ముద్ద, చిక్కుడు గింజల కూర. పాలు సీసాల్లో వస్తాయి, నీళ్ల కంటే కొంచెం తెల్లగా ఉంటాయి. అమ్మకు ఆ సంగతి చెప్పకండి.

మీరు చెప్పినట్టే ఆడుతున్నాను. బంతి నా చేతికి వచ్చిందంటే పని నేనే పూర్తి చేస్తున్నాను. జనం లేచి అరుస్తారు. మా జట్టు వాళ్లకే నచ్చడం లేదు. కెప్టెన్ కిగోజి పొట్టివాడు, కానీ నోరు పెద్దది. మొన్న ఆట మధ్యలో అన్నాడు, "ఒరే పొడుగోడా, మేం నలుగురం ఎందుకున్నాం ఇక్కడ? నీకు విసరడానికా?"  ఆట అయ్యాక కోచ్ గారు పిలిచారు.

"కిగోజి ఖాళీగా ఉన్నాడు, చూశావా?"

"చూశాను సార్."

"మరి బంతి ఎందుకియ్యలేదు?"

"నేను వెయ్యగలను కదా సార్."

"వేశావు. సరే. అవతలివాళ్లు బంతి తీసుకుని మన వైపు పరిగెత్తుతుంటే నువ్వెక్కడున్నావు?"

"అక్కడే ఉన్నాను సార్."

"అవును. చప్పట్లు వింటూ ఉన్నావు."

ఇంకొక గొడవ కూడా జరిగింది. సాధనకు ఆలస్యంగా వచ్చినవాడు అందరికీ తాగే నీళ్లు మోసుకురావాలట. నీళ్లు పట్టే పసుపుపచ్చ డబ్బాలు మీకు తెలుసు. కోచ్ గారు నన్ను చూపించి, "ఇవాళ నీ వంతు" అన్నారు. నుదుట గాట్లున్న మగవాడు నీళ్లు మోస్తాడా, మామయ్యా? అది ఆడవాళ్లు, గాట్లు పడని పిల్లలు చేసే పని కదా. మోయనన్నాను. ఆయన కోప్పడలేదు. "అట్లాగా" అన్నారు, అంతే.

ఆ రోజు నుంచి కోచ్ గారు తన పక్కన బల్ల మీద నాకొక చోటు ఇచ్చారు. మిగతావాళ్లంతా చెమటలు కక్కుతూ పరిగెత్తుతుంటే ఆట సాగినంతసేపూ నేను ఆయన పక్కనే కూర్చుంటున్నాను. ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

మజోక్ కొమ్ములు నిమిరి నా పేరు చెప్పండి.

మీ లువాల్

*

బోర్
జూన్ 4, 2006

పెద్దల పక్కన చోటు పొందిన లువాల్‌కు, ఆనందం పట్టలేని మామయ్య రాయునది.

నీ ఉత్తరం ముప్పుతిప్పలు పడి వానలతో పాటే మాకు చేరింది. చదివి కళ్లు తుడుచుకున్నాను. నీవు ఎంత నిరాడంబరంగా రాశావు. ఇంతకంటే రాయడానికి ఏమీ లేదట. ఇంతకంటే రాయడానికి ఎవరికైనా ఏమి ఉంటుంది?

మన పంచాయితీలో తీర్పరి పక్కన కూర్చోవడానికి నాకు తల నెరయవలసి వచ్చింది. యువకులు నిలబడాలి, పరిగెత్తాలి, పిలిస్తే పలకాలి. పీట వేసి పక్కన కూర్చోబెట్టారంటే, ఈ మనిషి మాట నాకు కావాలని నలుగురి ఎదుటా చెప్పినట్లే. పరదేశంలో, పరభాష మాట్లాడే పెద్దమనిషి, ఆటలో నీ బలం చూసి, నీళ్ల డబ్బా దగ్గర నీ అభిమానం చూసి, నీకా గౌరవం ఇచ్చాడు. ఆయన వివేకానికి నా నమస్కారం తెలియజేయి.

ఆదివారం ఆరాధన అయ్యాక నీ ఉత్తరంలో ఆ భాగం అందరికీ చదివి వినిపించాను. మీ అమ్మ గొంతెత్తి కూసిన మంగళధ్వని నది అవతలికి వినిపించి ఉంటుంది. మజోక్ కొమ్ములకు కొత్త కుచ్చులు కట్టాము. నేను పాట కట్టి చాలా కాలమైంది. ఆ రోజు అది తనంతట తానే వచ్చింది.

అందరు చెమటలు కక్కే వేళ
అధిపతి పక్కన ఆసీనుడెవడు?
నలుపూ తెలుపూ నా మజోక్
నడిచిన దారిన పోయినవాడు.

పిల్లలు అప్పుడే పట్టేశారు. పాలు పితికే ఆడపిల్లలు పాడుతున్నారు. పక్క మందల వాళ్లు వచ్చి నేర్చుకుని పోతున్నారు.

పిలిస్తే తప్ప ఆ చోటి నుంచి లేవకు. ఓపికగా కూర్చున్నవాడికి గౌరవం పెరుగుతుంది.

ఇట్లు,
నిన్ను చూసి గర్వించే మామయ్య

*

కంపాలా
జూలై 16, 2006

మామయ్యకు లువాల్ రాసేది.

మీ ఉత్తరం అందింది. దాని కంటే ముందే మీ పాట అందింది.

బోర్ నుంచి లారీల మీద వచ్చిన మనవాళ్లు ఆదివారాలు మా ఆట చూడటానికి వస్తారు. ఆటస్థలం గోడ మీద వరుసగా కూర్చుంటారు. నేను బల్ల మీద కూర్చోగానే పాట ఎత్తుకుంటారు. ఆసీనుడెవడు అన్న చోట అందరూ కలిసి నా వైపు చెయ్యి చాపుతారు. కిగోజి అడిగాడు, "ఏం పాటరా అది, అంత బాగుంది? నీ పెళ్లి పాటా?" అవునన్నాను.

మామయ్యా, మీరు కోప్పడితే పడతాను. కొట్టినా పడతాను. నాతో ఎప్పుడూ వెటకారం చేయలేదు మీరు. నేను సిగ్గుతో రాసిన నాలుగు మాటలు తీసుకుని ఊరంతటికీ నవ్వులాటగా పంచిపెట్టారు. నీళ్లు మోయనన్నది మీరు పెంచిన అభిమానమే కదా.

పోయిన వారం ఒకడికి కాలు బెణికింది. కోచ్ గారు, "లే, వెళ్లు. తెలివిగా ఆడు" అన్నారు. లేచాను. గోడ మీద పాట మొదలైంది. ఆ తరువాత నాకు ఇనుప కడియం తప్ప ఏమీ కనిపించలేదు. కిగోజి చేతిలో ఉన్న బంతిని నేనే లాక్కున్నాను. మా వాడి చేతిలోంచి, మామయ్యా. వేశాను. పడలేదు. మళ్లీ వేశాను. పడలేదు. నా చేతులు నావి కానట్టు అయ్యాయి. ఆ రోజు ఓడిపోయాం.

కోచ్ గారు అన్నారు, "సెప్టెంబరు దాకా చూస్తాను. నీ అంత ఎత్తు, నీ అంత చెయ్యి నాకు మళ్లీ దొరకవు. అందుకని చూస్తాను. ఆ తరువాత నేనేం చెయ్యలేను."

మేనమామ నోటి మాట మేనల్లుడి మీద ఊరికే పోదని మన వాళ్లందరికీ తెలుసు. మీరు బడిలో లేఖనాలు చెప్పేవారైనా మీకూ తెలుసు. ఆ ఉత్తరం రాసేటప్పుడు నా మీద మీ మనసు చెడి ఉంటే, నా చేతుల మీద మాట ఏదైనా వేసి ఉంటే, దయచేసి చెప్పండి.

లువాల్

*

బోర్
ఆగస్టు 20, 2006

నా చెల్లెలి బిడ్డ లువాల్‌కు, మామయ్య రాయునది.

అన్నిటికంటే ముందు చెప్పవలసినది ముందు చెబుతున్నాను. నేను శపించలేదు. నా నోటి నుంచి నీ మీద చెడ్డ మాట ఒక్కటీ రాలేదు. నీ ఉత్తరం అందిన ఉదయమే సొరబుర్రలో నది నీళ్లు తీసుకుని, మన పెద్దల ఆచారం ప్రకారం అందులో ఉమ్మి కలిపి, దక్షిణం వైపు చల్లి, నీ రెండు చేతులనూ పేరు పెట్టి దీవించాను. తరువాత ప్రార్థన మందిరానికి వెళ్లి మోకాళ్ల మీద అదే దీవెన మళ్లీ అడిగాను. ఏ దారిన వెళ్లినా నీకు చేరాలని రెండు దారులా పంపాను. నీ చేతులు నీవే. అవి నీకు లోబడతాయి.

ఇక ఆ బల్ల సంగతి. నాకు తెలియదు, నాయనా. మందుల పెట్టెలు తెచ్చే లారీ డ్రైవరు చెప్పేవరకు తెలియదు. పాట విని, దేని గురించి అని అడిగాడు. చెప్పాను. అతడు స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వాడు. "తాతా, ఆ బల్ల ఆటకు పనికిరానివాళ్లది. నువ్వేమో దాని మీద పాట కట్టావు."

ఆ సాయంత్రమే మందలన్నీ తిరిగాను. ఇక పాడవద్దని బతిమాలాను. పాలు పితికే ఆడపిల్లలు వినలేదు. "మంచి పాట కట్టావు తాతా. ఇప్పుడు వద్దంటే ఎట్లా?" అన్నారు. నా వెనుక ఇంకా గట్టిగా పాడారు. నా పాట ఇప్పుడు నాది కాదు.

కుస్తీ మాట కూడా తప్పే చెప్పాను. ఇంతమంది కలిసి ఆడే ఆటకు ఇద్దరు పట్టే పట్టు పోలిక కాదు. నీకు చెప్పవలసినది నది. వానలు వెలిశాక మన మంద లంక మీదికి ఈదేటప్పుడు నీవు నా వెనుకనే ఈదేవాడివి. జ్ఞాపకం తెచ్చుకో. ఎవరి దూడను వారు చూసుకోరు. తన దూడను చూసుకునేవాడు భయపడతాడు, మెడ పట్టుకుంటాడు, ఇద్దరూ మునుగుతారు. అందుకే ప్రతివాడి కన్నూ తన ముందు ఈదేవాడి దూడ మీద ఉంటుంది. నా దూడను నీవు చూశావు. నీ దూడను నీ వెనుకవాడు చూశాడు. ఒడ్డు చేరేవరకు ఎవడూ వెనక్కి తిరిగి చూడలేదు. కోచ్ గారు అడుగుతున్నది అదేనని నాకిప్పుడు తోస్తున్నది.

నీళ్లు మోయి. నేను చెబుతున్నాను. నీ నుదుటి గాట్లు డబ్బా బరువుకు చెరిగిపోవు.

వానకు దారి తెగింది. ఈ ఉత్తరం ఎప్పుడు బయలుదేరుతుందో దేవునికే తెలియాలి.

ఇట్లు,
మామయ్య

*

కంపాలా
సెప్టెంబరు 3, 2006

మామయ్యకు లువాల్ రాసేది.

జవాబు రాలేదు. అర్థమైంది. మేనమామ మౌనం కూడా మాటే.

ఒక్క సంగతి చెప్పాలని రాస్తున్నాను. నిన్న ఆటలో కోచ్ గారు నన్ను చివరిదాకా ఉంచారు. బంతి వచ్చినప్పుడల్లా నా చేతులు చూసుకున్నాను. వీటి మీద మామయ్య మాట ఉంది, వేస్తే పడదు అనుకున్నాను. అందుకని వేయలేదు. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లకు ఇచ్చేశాను. నిప్పు ముట్టుకున్నట్టు ఇచ్చేశాను. చేతులు పనికిరావు కనుక కాళ్లతో పని చేద్దామని అవతలివాళ్ల వెనక పరిగెత్తాను. కిగోజి వేశాడు, ఒకెల్లో వేశాడు, నేను ఎప్పుడూ పేరు అడగని కుర్రవాడు కూడా వేశాడు. గెలిచాం.

కోచ్ గారు నా భుజం మీద చెయ్యి వేయాలని చూశారు, అందలేదు. మోచేతి మీద వేసి అన్నారు, "ఇవాళ మొదటిసారి ఆటగాడిలా ఆడావు. ఇట్లాగే ఇంకొక్క నెల ఆడు. నీ మంచం నీదే."

కిగోజి అన్నాడు, "ఏమైందిరా నీకు? జ్వరమా? రోజూ రానీ."

వాళ్లకు నవ్వొచ్చింది. నాకు రాలేదు. నేను మంచివాడినై ఇవ్వలేదు, భయపడి ఇచ్చాను. వాళ్లు మెచ్చుకుంటున్నది నన్ను కాదు, నా మీద ఉన్న మీ మాటను. రాత్రి పడుకుంటే చేతులు పక్కన వేరేవాళ్లవి పెట్టినట్టు ఉంటున్నాయి.

ఆ మాట తీసేయండి మామయ్యా. తప్పు ఏమైనా క్షమించి తీసేయండి.

లువాల్

*

కంపాలా
అక్టోబరు 8, 2006

మామయ్యకు లువాల్ తలవంచి రాసేది.

మీ ఆగస్టు ఉత్తరం సెప్టెంబరు చివరి ఆట రోజు పొద్దున అందింది. బస్సు హారన్ కొడుతుంటే మెట్ల మీద నిలబడి విప్పాను. శపించలేదు అన్నది చదివాను. చేతులను పేరు పెట్టి దీవించానన్నది చదివాను. అక్కడే మడిచి చొక్కాలో పెట్టుకున్నాను. మిగతాది చదివే ఓపిక లేకపోయింది. బస్సులో దారంతా నేను పాడుతూనే ఉన్నాను, మీ పాటే.

ఆ రోజు నేను ఆడినట్టు ఎవరూ ఆడి ఉండరు. చేతులు తిరిగి వచ్చాయి, మామయ్యా. ఎక్కడి నుంచి వేసినా పడింది. ముగ్గురు నా మీదికి వచ్చినా పడింది. గోడ మీద మనవాళ్లు కిందికి దూకి గంతులు వేశారు. కిగోజి బంతి ఇమ్మని ఒకసారి చెయ్యి ఎత్తాడు, రెండోసారి ఎత్తాడు. తరువాత ఎత్తడం మానేశాడు. అది నేను చూశాను. చూసి కూడా వేశాను. పడింది. గెలిచాం.

ఉంచుకునేవాళ్ల పేర్లు సాయంత్రం చదివారు. నా పేరు లేదు. కోచ్ గారి దగ్గరికి వెళ్లాను.

"గెలిచాం కదా సార్."

"గెలిచావు నువ్వు. మేం టిక్కెట్టు లేకుండా చూశాం."

"ఈ నెల మొదట్లో మీరే మెచ్చుకున్నారు."

"నెల మొదట్లో ఆడినవాడి కోసం మంచం ఆపి పెట్టాను. వాడు ఇవాళ రాలేదు. వాడెక్కడికి పోయాడు, చెప్పు?"

ఏం చెప్పాలి నేను? వాడు మీ శాపం అని చెప్పనా? అది లేదని తెలిసి పోయాడని చెప్పనా?  ఆయన కళ్లలో కూడా బాధే కనిపించింది. "నేనేం చెయ్యలేను, నాయనా" అన్నారు.

నది సంగతి, నీళ్ల సంగతి ఆ రాత్రి చదివాను, మూట కట్టుకున్నాక.

ఇప్పుడు లారీల అడ్డా దగ్గర మనవాళ్ల గదిలో ఉంటున్నాను. బస్తాలు దించుతాను. ఎత్తున్నవాడికి పని దొరుకుతుంది. పొద్దున్నే లేచి ఆటస్థలానికి వెళ్లి, జట్టు రాకముందే పసుపు డబ్బాలు నింపి నీడలో పెట్టి వచ్చేస్తాను. ఎవరూ చెప్పలేదు. మీరు చెప్పారు కనుక చేస్తున్నాను, ఆలస్యంగానైనా. నిన్న కిగోజి ముందుగా వచ్చి చూశాడు. ఒక గ్లాసు ముంచుకుని తాగాడు. "చల్లగా ఉన్నాయిరా పొడుగోడా" అన్నాడు.  కోచ్ గారు గేటు దగ్గర నిలబడి తాళం ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నారు. 

మళ్లీ ఒకసారి దీవించండి. ఈసారి ఏమని దీవించాలో మీరే చూసుకోండి.

మీ లువాల్

*

నది లంక మీద మంద నుంచి
డిసెంబరు 10, 2006

లువాల్‌కు మామయ్య రాయునది.

లారీల అడ్డా అని మాత్రమే రాశావు. ఈ కాగితం నిన్ను వెతుక్కుంటుందనే నమ్మకంతో రాస్తున్నాను.

నీ సెప్టెంబరు ఉత్తరం, అక్టోబరు ఉత్తరం ఒకే సంచిలో వచ్చాయి. మొదటిది ముందు చదివాను. మీ అమ్మను పిలిచి, నీ చేతులు బాగు కావాలని మళ్లీ ప్రార్థించబోతున్నానని చెప్పాను. తరువాత రెండవది విప్పాను.

పోయిన వారం నది దాటాము. నీ చోటులో ఎవరినైనా నిలుపుదామని మనవాళ్లు అడిగారు. నేను ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదో వారికి చెప్పలేకపోయాను. నీటిలో నా ముందున్నవాడి దూడ మీదనే కన్ను ఉంచాను. నేను చేయవలసినది అదే. ఒడ్డు ఎక్కి తిరిగి చూస్తే నా దూడ లేదు. ప్రవాహం ఎప్పుడు పక్కకు లాగిందో నాకు తెలియదు. దానిని చూడవలసిన చోటు ఖాళీగా ఉంది. నిన్ను నిందిస్తున్నానని అనుకోకు. అట్లా అనుకుంటావేమోనని రాయాలా వద్దా అని ఎంతో ఆలోచించాను. మన మధ్య రాయనివి, సగం చదివినవి చాలా అయ్యాయి కనుక రాస్తున్నాను. దీనిని చివరిదాకా చదువు.

నీవు నీళ్లు మోస్తున్నావని మీ అమ్మకు చెప్పాను. "మగబిడ్డ నీళ్లు మొయ్యడమేంటన్నయ్యా" అన్నది.  మళ్లీ తనే, "బావి దూరమా?" అని అడిగింది. తెలియదన్నాను. ఆమె పాలచెంబు కడగడానికి పోయింది. ఆ ఒక్క సంగతి రాయి, బావి దూరమా అని.

మళ్లీ దీవించమన్నావు. తెల్లవారగానే సొరబుర్రలో నీళ్లు తీసుకున్నాను. నోరు తెరిచాను. నీ చేతులకు బలం అడుగుదామంటే అది ఒకసారి అడిగాను. బలం తగ్గించమని అడుగుదామంటే అది శాపమవుతుంది. ఇన్నేళ్లు కీర్తనలు పాడిన నోటికి, ఇన్ని పాటలు కట్టిన నోటికి, ఏమి అడగాలో తెలియలేదు. దక్షిణం వైపు తిరిగి, సొరబుర్ర పట్టుకుని, ఎండ ఎక్కేదాకా నిలబడ్డాను. పక్కన మజోక్ కూడా అటే తిరిగి నిలబడి ఉన్నది. చివరికి ఆ నీళ్లు దానికి తాగబోశాను.

ఇట్లు,
నీ మామయ్య